కాలిక్యులేటర్ మీద మాత్రమే కనిపించే ధర

మా అక్క కూతురు అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గ్రాఫిక్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కావాలంటే వారం రోజులు ఇద్దరం కూర్చుని ఫోనులో ధరలు చూశాం. నాలుగు చోట్ల వెతికినా ఒకటే అంకె. రూపాయి ఎక్కువ లేదు, రూపాయి తక్కువ లేదు. టవర్ క్లాక్ దగ్గరి ఒక షాపుకు ఫోన్ చేస్తే, “ఫోనులో ధర చెప్పలేను సార్, ఒకసారి రండి” అన్నాడు. వెళ్లాం. ఆయన నోటితో ఏమీ చెప్పలేదు. కాలిక్యులేటర్ మీద ఒక అంకె కొట్టి మా వైపు తిప్పాడు. ఆన్‌లైన్ ధర కంటే మూడు వేలు తక్కువ. “బయట చెప్పకండి సార్, ఎంఓపీ ఉంది” అని మాత్రం అన్నాడు.

ఎంఓపీ అంటే మార్కెట్ ఆపరేటింగ్ ప్రైస్. ఎమ్మార్పీ వేరు, ఇది వేరు. ఎమ్మార్పీ చట్టం పెట్టించిన పైహద్దు. పన్నులన్నీ కలిపి గరిష్ఠ ధరను ప్యాకెట్ మీద అచ్చు వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. కొనేవాడిని కాపాడటమే దాని ఉద్దేశం. ఎంఓపీ ఏ చట్టంలోనూ లేదు. ఇంతకన్నా తక్కువ ధర బయటికి కనిపించకూడదని కంపెనీ తన డీలర్లకు గీసే కింది గీత అది. అమెరికాలో దీనికి దగ్గరి పద్ధతిని కనీస ప్రకటన ధర అంటారు. అక్కడ కాగితం మీది మాట ఇది: దుకాణదారు ఎంతకైనా అమ్ముకోవచ్చు, ప్రకటనలో మాత్రం ఆ గీత దాటి కిందికి రాకూడదు. మన దగ్గర చూపే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఆ తేడా కూడా స్పష్టంగా ఉండదు. కంప్యూటర్ విడిభాగాల పెట్టెల మీద ఎమ్మార్పీ అసలు ధరకు ఎంతో పైన ఉంటుంది. ఆ ధరకు గ్రాఫిక్ కార్డు కొన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. అంటే పైహద్దు మనకు పనికిరాదు, కింది గీత మనకు కనబడదు.

ఈ కథ కంప్యూటర్లతో మొదలుకాలేదు, మందు సీసాలతో మొదలైంది. డాక్టర్ మైల్స్ అనే అమెరికన్ మందుల కంపెనీ తన సరుకును ఎవరూ తక్కువకు అమ్మకూడదని వ్యాపారులతో ఒప్పందాలు రాయించుకుంది. అవి చెల్లవని 1911లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు అమ్మేసిన తర్వాత దాని ధర మీద నీకు పట్టు ఉండదన్నది ఆ తీర్పు సారం. ఎనిమిదేళ్ల తర్వాత, 1919లో, సబ్బుల కంపెనీ కోల్గేట్ కేసులో అదే కోర్టు ఒక సందు వదిలింది. ఒప్పందం రాయించుకోకుండా కంపెనీ తన విధానాన్ని ముందే ప్రకటించి, దాన్ని పాటించని వారికి సరుకు ఆపేస్తే తప్పు లేదన్నది. ఈనాటికీ అక్కడి కంపెనీలు తమ పత్రాలకు ఒప్పందం అని కాక విధానం అని పేరు పెట్టడానికి కారణం ఆ సందే. మధ్యలో 1937 నుంచి 1975 వరకు, రాష్ట్రాలు ఒప్పుకుంటే కనీస ధర పెట్టుకోవచ్చని అమెరికా చట్టమే అనుమతించింది. చివరికి 2007లో, తోలు వస్తువుల కంపెనీ లీజిన్ కేసులో, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు ఉండగా, 1911 నాటి తీర్పును కోర్టే పక్కన పెట్టింది. కనీస ధర పెట్టడం దానంతట అది నేరం కాదు, దానివల్ల కలిగే మేలుకీడులు చూసి తేల్చాలి అన్నది కొత్త సూత్రం.

ప్రకటన ధర అన్న కిటుకు మరో దారిన వచ్చింది. దుకాణదారు పత్రికలో వేసే ప్రకటన ఖర్చులో కొంత కంపెనీ భరించేది. ఆ డబ్బు కావాలంటే ప్రకటనలో తక్కువ ధర ఉండకూడదని షరతు పెట్టేది. సంగీతం సీడీల విషయంలో అయిదు పెద్ద కంపెనీలు ఈ షరతును మరీ బిగించాయి. సొంత డబ్బుతో వేసుకున్న ప్రకటనకు కూడా శిక్ష తప్పలేదు. 2000లో అక్కడ వ్యాపార పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని ఆపించింది. మూడేళ్లకు పైగా సాగిన ఆ పద్ధతి వల్ల కొనుగోలుదారులు 48 కోట్ల డాలర్ల దాకా అదనంగా చెల్లించి ఉంటారని అంచనా వేసింది.

పత్రిక ప్రకటన కాలంలో ఈ షరతుకు ఒక హద్దు ఉండేది. ప్రకటన పత్రికలో, అమ్మకం దుకాణంలో. వెబ్‌సైటులో ఆ రెండూ ఒకటే. తెర మీద కనిపించే అంకే ప్రకటన, అదే ధర చీటీ. కాబట్టి ప్రకటనకు గీత గీస్తే అమ్మకానికి గీసినట్టే. ధర చూడాలంటే ముందు వస్తువును కార్టులో వేయండి అని అమెరికా సైట్లు అడగడం ఇందుకే. ప్రకటన ధర వేరు, అమ్మే ధర వేరు అన్న తేడాను యూరప్ ఒప్పుకోలేదు. అసుస్ కంపెనీ 2011 నుంచి 2014 వరకు జర్మనీ, ఫ్రాన్స్‌లలో తన ల్యాప్‌టాప్‌లు, మానిటర్లు తక్కువకు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలను కనిపెట్టి ధర పెంచమని ఒత్తిడి చేసిందని, 2018లో యూరోపియన్ కమిషన్ 6.35 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఒక దుకాణం ధర దించితే దాన్ని చూసి మిగతావారి సాఫ్ట్‌వేర్లు కూడా దించుతాయి. అందుకని తక్కువకు అమ్మే ఒక్కరిని అదుపు చేస్తే బజారంతా నిలబడుతుంది. మేము నాలుగు చోట్ల చూసిన ఒకే అంకె నాకు అప్పుడు అర్థమైంది.

మన చట్టం ఈ విషయంలో బలహీనమైనదేమీ కాదు. గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టమే కనీస అమ్మకపు ధర షరతు చెల్లదన్నది. దాని స్థానంలో వచ్చిన 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో ఈ షరతుకు సంబంధించిన భాగం 2009లో అమల్లోకి వచ్చింది. అయితే ఇక్కడ ఒప్పందం ఉన్నట్టు, దానివల్ల పోటీ దెబ్బతిన్నట్టు, రెండూ చూపించాలి. ఎంఓపీ అన్న మాట నేరుగా మన కాంపిటీషన్ కమిషన్ ముందుకు వచ్చింది వంటింటి చిమ్నీలు చేసే కాఫ్ కంపెనీ మీద ఆన్‌లైన్ దుకాణం స్నాప్‌డీల్ ఫిర్యాదుతో. 2014లో విచారణకు ఆదేశించిన కమిషన్ 2019లో ఉల్లంఘన తేలలేదని ముగించింది. కార్ల విషయంలో గట్టిగా నిలిచింది. డీలర్లు ఇచ్చే తగ్గింపులకు హద్దు పెట్టి, కొనేవారి వేషంలో మనుషులను పంపి తనిఖీ చేయించిందని 2021లో మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్ మీద వేసిన 87 కోట్లు మాత్రం అప్పీలులో నిలవలేదు.

ధర గీత గీయకుండానే ధరను కాపాడే దారి మరొకటి ఉంది, వారంటీ. భారత్‌లోని అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొన్న ప్రాసెసర్లకే ఇక్కడ వారంటీ అని ఇంటెల్ 2016లో నియమం పెట్టింది. విదేశంలో అదే సరుకును చౌకగా కొని తెచ్చే వ్యాపారికి అది దెబ్బ అయింది. దీనిపై 2019లో కమిషన్ విచారణకు ఆదేశించింది.

ఇదంతా అనంతపురంలో, కర్నూలులో ఉన్నవాడికి ఎంత పడుతుంది? ఒకప్పుడు కంప్యూటర్ అసెంబుల్ చేయించాలంటే మనవాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయేవారు. కర్నూలువాళ్లు సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయేవారు. రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పది షాపులు తిరిగితే గానీ ఆనాటి ధర తెలిసేది కాదు. ఆన్‌లైన్ వచ్చాక ఆ పది షాపులూ ఇంట్లోకే వచ్చాయి. బస్సు చార్జీ లేకుండా ధర తెలియడం మన ఊళ్లకు దక్కిన నిజమైన లాభం. ఎంఓపీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు తేడా ధరలో కనిపించదు. ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటే తగ్గింపు, పాతది ఇస్తే బోనస్, బ్యాగు, మౌసు ఉచితం. కార్డు లేని రైతు బిడ్డ నిండు ధర కడతాడు.

షాపతని వైపు కూడా న్యాయం ఉంది. అరగంట కూర్చోబెట్టి అన్నీ వివరిస్తే, కుర్రాడు మోడల్ నంబరు ఫోటో తీసుకుని ఆన్‌లైన్‌లో కొంటాడు. వివరించే దుకాణం బతకాలంటే కనీస ధర ఉండాలని లెస్టర్ టెల్సర్ అనే ఆర్థికవేత్త 1960లోనే వాదించారు. ఆ మాట కొట్టిపారేయలేను. కానీ మాకు మూడు వేలు తగ్గించింది ఆ చిన్న షాపే కదా. తగ్గించగలిగి కూడా ఆ సంగతి బోర్డు మీద రాసుకోలేకపోవడం ఆయనకే నష్టం. ఆయన పోటీ పడగల ఒకే ఒక్క ఆయుధాన్ని ఆయన చేతిలోంచి లాగేసి, అది ఆయన మంచికే అంటున్నారు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది సాక్ష్యం సంగతి. ఒప్పందం రుజువు చేయాలి, ఆ రుజువు ఉన్నది డీలరు దగ్గర. మాకు బిల్లు రాస్తూ ఆయన చెప్పిన ప్రకారం హెచ్చరిక ఎప్పుడూ కాగితం మీద రాదు, డిస్ట్రిబ్యూటర్ మనిషి ఫోనులో చెబుతాడు. మాట వినకపోతే మరుసటి నెల కొత్త మోడళ్లు రావు, అమ్మకాల మీద రావాల్సిన స్కీము డబ్బు క్రెడిట్ నోటుగా, అంటే లెక్కలో జమగా, రాదు. “నేను ఫిర్యాదు చేస్తే నాకు సరుకు ఎవరిస్తారు సార్?” అన్నాడు. కాలిక్యులేటర్ మీద అంకెను అప్పటికే చెరిపేశాడు.