గుమ్మడి ముక్కకి పులుపు ఎప్పుడు పట్టించాలి?

సంక్రాంతి దగ్గరపడితే శ్రీకాకుళం, విజయనగరం సంతల్లో తీపి గుమ్మడికాయలు కుప్పలు పోస్తారు. పండగ దప్పళంలో ఆ ముక్క పడాల్సిందే. అయితే ఒకే కాయని పంచుకున్న రెండిళ్లలో ఒక ఇంట ముక్క మెత్తగా ఉడుకుతుంది, ఇంకో ఇంట ఎంతసేపు మరిగినా బిరుసుగానే ఉంటుంది. కాయ మంచిది కాదంటారు గానీ, చాలాసార్లు కారణం చింతపండు వేసిన వేళే.

కూరగాయలోని కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగి కణాలు విడిపోతేనే ముక్క మెత్తబడుతుంది. పులుపులో పెక్టిన్ అంత త్వరగా కరగదు. కాల్షియం దాన్ని మరింత గట్టిగా బిగిస్తుంది. అందుకే కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లలో కూరలు ఆలస్యంగా ఉడుకుతాయి. బెల్లంలోనూ కాల్షియం ఉంటుంది, పైగా తీపి కూడా ముక్కని త్వరగా మెత్తబడనివ్వదు. కాబట్టి ముందు ఉప్పు నీళ్లలో ముక్కని ముప్పాతిక వంతు ఉడకనిచ్చి, ఆ తర్వాతే చింతపండు రసం, బెల్లం వేయాలి. బాగా పండి, పులుసులో చితికిపోయే కాయ దొరికితే ఇదే సూత్రాన్ని తిరగేసి పులుపు కాస్త ముందే పోయండి. ముక్క విడిపోకుండా నిలుస్తుంది.

మన వైపు ఆవ పెట్టిన గుమ్మడి కూరకి ఉన్న రుచి మరిదేనికీ లేదని నా నమ్మకం. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము విడివిడిగా ఉంటాయి. నీళ్లు చల్లి నూరితే రెండూ కలిసి, ముక్కుకి ఎక్కే ఘాటు పుడుతుంది. గింజ గింజగా పోపులో వేగిన ఆవాలకి ఆ ఘాటు రాదు, ఎందుకంటే వేడికి ఎంజైము ముందే చచ్చిపోతుంది. కాబట్టి ఆవని చల్లటి నీళ్లతో నూరి, పది నిమిషాలు పక్కన పెట్టి, కూర దించాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే పుట్టిన ఘాటు కూడా ఆవిరితో పోతుంది.

గుమ్మడికి పసుపు రంగునిచ్చే కెరోటిన్లను, అందులోనూ విటమిన్ 'ఎ'గా మారే బీటా కెరోటిన్‌ని, ఒంటికి పట్టించేది కొవ్వు. పోపులో నూనె, పైన చల్లే నువ్వుల పొడి ఆ పని చేస్తాయి. డైటింగ్ పేరుతో వాటిని పూర్తిగా మానేస్తే ఆ మేలు చాలావరకు పోతుంది.

కాయని ఎంచుకునేటప్పుడు తొడిమ ఉన్నదే తీసుకోండి. తొడిమ ఊడిన చోటునుంచే కుళ్లు మొదలవుతుంది. తొడిమ ఉండి, గాయం లేని కాయ గాలి ఆడే అటక మీద నెలల తరబడి నిలుస్తుంది. కోసిన కొన్ని వారాల్లో లోపలి పిండి పదార్థం కొంత చక్కెరగా మారి తీపి పెరుగుతుంది. మరీ ఎక్కువ రోజులు ఉంచితే ఆ చక్కెరని కాయే ఖర్చు చేసుకుని పీచుగా తయారవుతుంది. తరిగాక మిగిలిన చెక్కకి గింజలూ మెత్తటి పీచూ గీకేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, ముందు పాడయ్యేది అదే.

తరిగేటప్పుడు పచ్చి ముక్క ఒకటి నాలుకకి తాకించి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి. కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల చేదు అది. ఎంత ఉడికించినా విరగదు, వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

రాత్రికి కూర మిగులుతుందనిపిస్తే ఆవని మొత్తానికీ కలపకండి, అప్పుడు తినే కూరకే కలపండి. వేడి చేస్తే మిగిలిన కూరలోంచి ఘాటు పోతుంది.