గులాబీ రాయి దొరికిందా? జేసీబీ పిలిచే ముందు ఇది చదవండి

పాలమూరులో రాళ్లు పరీక్షించి చెప్పడం నా పని. దుక్కులు మొదలైతే చాలు, తువ్వాలలో మూటకట్టిన రాళ్లు నా టేబుల్ మీదికి వస్తాయి. ఈ మధ్య అందరి నోటా ఒకటే పేరు, రోడొనైట్. ఎవరో ఫోన్‌లో ఫొటో చూసి, ఇది కోట్లు పలికే గులాబీ రాయని చెప్పేసి ఉంటారు.

అపోహ: గులాబీ రంగు మీద నల్ల చారలుంటే అది రోడొనైటే.

వాస్తవం: రోడొనైట్ అంటే మాంగనీస్ సిలికేట్, అంటే మాంగనీస్ లోహం సిలికాతో కలిసిన ఖనిజం. దాని గులాబీ రంగు మాంగనీస్‌ది. గాలి, నీరు తగిలి అదే మాంగనీస్ ఆక్సైడ్‌గా మారితే నల్ల చారలు వస్తాయి. మాంగనీస్ దండిగా ఉన్న పాత అవక్షేపాలు, అంటే పొరలుగా పేరుకున్న మట్టి, వేడికీ ఒత్తిడికీ మారిన చోట ఇది పుడుతుంది. మన దేశంలో అలాంటి రాళ్లకు పేరున్నది నాగపూర్, బాలాఘాట్ ప్రాంతం. మన కాళ్ల కింద ఉన్నవి గ్రానైట్, నైస్ అనే చారల రాయి. వీటిలో గులాబీ రంగు పొటాష్ ఫెల్డ్‌స్పార్ అనే మామూలు ఖనిజానిది, నలుపు బయొటైట్, హార్న్‌బ్లెండ్ అనే నల్ల ఖనిజాలది.

కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అప్పటికే రెండు రోజులు జేసీబీ పెట్టించాడు. మంచి చెలక, నాలుగు గుంటల నేల గొయ్యి అయింది. "లోపలికి పోతే అసలు రాయి వస్తదంటున్నరు సార్" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

కిచెన్ కాటా మీద రాయి పెట్టాను. 520 గ్రాములు. తర్వాత నీళ్ల గిన్నెను కాటా మీద ఉంచి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో ముంచాను. కాటా 200 చూపించింది. 520ని 200తో భాగిస్తే 2.6, అంటే అంతే చోటు పట్టే నీటికి రాయి 2.6 రెట్లు బరువు. అది ఫెల్డ్‌స్పార్ లెక్క. రోడొనైట్‌కు 3.5 నుంచి 3.7 దాకా రావాలి, అంటే కాటా 145 దగ్గర ఆగాలి. ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మూడున్నర దాటితే అప్పుడు ల్యాబ్‌కు పంపండి. గార్నెట్ అనే వేరే ఖనిజం కూడా అంత బరువే తూగుతుంది కాబట్టి అప్పుడూ సంబరపడొద్దు. గాజు మీద గీసి చూడటం మాత్రం దండగ. 1 నుంచి 10 దాకా ఉండే కొలతలో ఫెల్డ్‌స్పార్ గట్టిదనం 6, రోడొనైట్‌ది 5.5 నుంచి 6.5. రెండూ గాజును గీస్తాయి.

ఇక లోతు సంగతి. పైన ఫెల్డ్‌స్పార్ ఉన్న పెగ్మటైట్ (పెద్ద పెద్ద పలుకుల గ్రానైట్ లాంటి రాయి) చార ఇరవై అడుగుల కింద రోడొనైట్ అయిపోదు. గాలీ వానా తగలక రంగు కాస్త తేటగా కనిపిస్తుంది, అంతే. ఆ తేట రంగు చూసే ఇంకో రోజు జేసీబీ మాట్లాడతారు. పైగా అనుమతి లేకుండా తవ్వి అమ్మితే కేసు. లోపలికి పోతే అసలు రాయి వస్తుందని చెప్పిన బ్రోకర్ మాత్రం గొయ్యి దగ్గర ఎప్పుడూ ఉండడు!

నిజం రోడొనైటే దొరికినా కోట్లు రాలవు. రష్యాలో జార్ రెండో అలెగ్జాండర్ భార్య సమాధి పేటికను ఉరల్ రోడొనైట్‌తోనే చెక్కారు. అంత పెద్ద దిమ్మలుగా దొరికే రాయి అది. పారదర్శకంగా ఉండే స్ఫటికాలే అరుదు. అవి కూడా సానపడుతుంటే చీలిపోతాయి.

అపోహ: మాంగనీస్ ఉంది కాబట్టి స్టీల్ ఫ్యాక్టరీ కొంటుంది.

వాస్తవం: శుద్ధమైన మాంగనీస్ సిలికేట్‌లో లెక్కకు 42 శాతం మాంగనీస్ ఉంటుంది, నిజమే. కానీ అది సిలికాతో ముడిపడి ఉంటుంది, విడదీయడం కష్టం. ఫ్యాక్టరీకి కావాల్సింది పైరోలుసైట్ లాంటి ఆక్సైడ్ ఖనిజం.

రోడొనైట్ మెడలో వేసుకుంటే బీపీ తగ్గుతుందా అని అడుగుతారు. తగ్గదు, మాత్రలు మానకండి. ముట్టుకుంటే విషమా? కాదు. మాంగనీస్ దుమ్ము, పొగ ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకే ప్రమాదం.

మన రాళ్లలో మాంగనీస్ అసలు లేదా అంటే, ఉంది. రాతి పగుళ్లలో చెట్టుకొమ్మల్లా నల్ల బొమ్మలు కనిపిస్తాయి కదా, నీటితో దిగిన మాంగనీస్ ఆక్సైడే చాలాసార్లు అలా అల్లుకుంటుంది. దేవరకొండ నుంచి ఒక పిల్లవాడు దాన్ని శిలాజమని తెచ్చాడు. కాదంటే ముఖం చిన్నబోయింది. ఆ రాయి నాకిస్తావా అని అడిగితే ఇవ్వనన్నాడు.