1976 ఆగస్టు తర్వాత ఎవరూ లేరు: ఫార్ములా వన్‌లో మహిళల లెక్క వెనుక కథ

1976 ఆగస్టు 15న ఆస్ట్రియా గ్రాండ్ ప్రీలో ఇటలీ డ్రైవర్ లెల్లా లొంబార్డి పన్నెండో స్థానంలో వచ్చింది. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక మహిళ రేసు మొదలుపెట్టడం అదే ఆఖరు. 1950లో మొదలైన ఈ చాంపియన్‌షిప్‌లో ఏడు వందల మందికి పైగా డ్రైవర్లు గ్రిడ్ మీదికి వచ్చారు. వాళ్లలో మహిళలు ఇద్దరే. ఆడవాళ్లు ఈ స్థాయిలో నెగ్గుకురాగలరా అన్న వాదన లేచినప్పుడల్లా ఈ అంకెనే చూపిస్తారు. అంకె నిజమే. కానీ ఆ ఇద్దరూ, క్వాలిఫైయింగ్ (రేసులో చోటు కోసం నడిపే అర్హత ల్యాపులు) దగ్గరే ఆగిపోయిన ఇంకో ముగ్గురూ ఏ కారు నడిపారు, ఎంత టెస్టింగ్ దొరికింది అన్నవి చూడకపోతే ఆ అంకెతో ఏదీ తేలదు.

మొదట్లో అడ్డు వచ్చింది కండబలం కాదు, నిబంధన. ఫ్రాన్స్‌కు చెందిన కామీల్ ద్యు గాస్ట్ 1901లో పారిస్-బెర్లిన్, 1903లో పారిస్-మాడ్రిడ్ రేసుల్లో పాల్గొంది. రెండో రేసులో కారు కింద ఇరుక్కున్న తోటి డ్రైవర్ కోసం ఆగి, తన స్థానం వదులుకుంది. మరుసటి ఏడాదే అక్కడి రేసింగ్ అధికారులు మహిళలకు తలుపులు మూసేశారు. ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ 1907లో మగవాళ్లతో కలిసి పోటీ పడనివ్వలేదు, 1908లో మహిళలకు విడిగా ఒక రేసు పెట్టి సరిపెట్టింది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 1971 దాకా మహిళలకు పిట్స్‌లోకే ప్రవేశం లేదు, విలేకరులైనా సరే.

ఈ మూసిన తలుపుల మధ్యే చెక్ డ్రైవర్ ఎలిష్కా యుంకోవా 1928లో ఇటలీలోని టార్గా ఫ్లోరియో రేసు బరిలో దిగింది. సిసిలీ కొండల్లో ఒక్కో ల్యాప్ 108 కిలోమీటర్లు, మొత్తం ఐదు ల్యాపులు. ఆమె ముందుగానే వెళ్లి మలుపు మలుపునూ గుర్తు పెట్టుకుంది. బుగాటీ కారులో, కార్ల కంపెనీల సొంత డ్రైవర్లతో పోటీపడి రెండో ల్యాప్‌లో ముందంజలోకి వచ్చి, చివరికి ఐదో స్థానంలో ముగించింది. అదే ఏడాది న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో భర్త రేసులో చనిపోవడంతో ఆమె పోటీలు మానేసింది.

ఫార్ములా వన్‌లో తొలి మహిళ మారియా తెరేసా డి ఫిలిప్పిస్. 1958లో బెల్జియంలోని స్పాలో మాసెరాటి 250ఎఫ్‌తో పదో స్థానంలో వచ్చింది. ఆ కారు 1954 నాటి డిజైన్, నడిపింది ఫ్యాక్టరీ జట్టు లేకుండా సొంతంగా. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో రేసు డైరెక్టర్ తనను అడ్డుకున్నాడని, ఆడది పెట్టుకోవాల్సిన హెల్మెట్ క్షౌరశాలలోదేనని అన్నాడని ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

లొంబార్డి కథ దగ్గర కాస్త ఆగాలి. 1975 స్పెయిన్ గ్రాండ్ ప్రీ బార్సిలోనా మోంజూయిక్ కొండ మీద జరిగింది. పక్కనున్న ఇనుప కంచెల బోల్టులు సరిగ్గా బిగించలేదని డ్రైవర్లు ముందే గొడవ చేశారు. రేసులో రోల్ఫ్ స్టోమెలెన్ కారు వెనుక వింగ్ విరిగి, కారు కంచె దాటి వెళ్లింది. ప్రేక్షకులు చనిపోయారు. 75 ల్యాపుల రేసును 29 దగ్గర ఆపేశారు. అప్పటికి మార్చ్ జట్టు 751 కారులో లొంబార్డి ఆరో స్థానంలో ఉంది. ఆరో స్థానానికి ఒక పాయింటు, రేసు సగంలో ఆగింది కాబట్టి అందులో సగం. ఫార్ములా వన్‌లో ఒక మహిళ సంపాదించిన మొత్తం పాయింట్లు ఆ అర పాయింటే.

అదే సీజన్ అంతా వేగమైన మలుపుల్లో కారు కుదురుగా ఉండటం లేదని ఆమె జట్టుతో చెబుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆ కారు రోనీ పీటర్సన్ చేతికి వెళ్లింది. అతనూ అదే మాట అన్నాడు. ఈసారి విప్పి చూశారు. వెనుక సస్పెన్షన్‌ను మోసే మెగ్నీషియం బల్క్‌హెడ్‌లో పగులు కనిపించింది. డిజైనర్ రాబిన్ హర్డ్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. బల్క్‌హెడ్ పగిలితే లోడ్ పడినప్పుడల్లా వెనుక చక్రాల కోణం మారుతూ ఉంటుంది. స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ ఎంత మార్చినా కారు అమరిక నిలవదు. డ్రైవర్ ఫిర్యాదును ఇంజినీర్ నమ్మడం, నమ్మకపోవడం అన్నది నేరుగా ల్యాప్ టైమ్‌లో తేలే విషయం. మహిళా డ్రైవర్లకు జరిగిన నష్టం చాలావరకు ఇక్కడే జరిగింది.

మిగతా ముగ్గురి సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. బ్రిటన్ స్కీయింగ్ క్రీడాకారిణి డివీనా గాలికా 1976లో సర్టీస్ కారుతో, 1978లో హెస్కెత్ కారుతో ప్రయత్నించి క్వాలిఫై కాలేదు. దక్షిణాఫ్రికా డ్రైవర్ డెజిరే విల్సన్ 1980లో బ్రాండ్స్ హాచ్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగం కాని బ్రిటిష్ ఎఫ్1 (ఫార్ములా వన్) సిరీస్ రేసు గెలిచింది, అదే ఏడాది సహ డ్రైవర్‌తో మోంజా వెయ్యి కిలోమీటర్ల రేసూ గెలిచింది. అయినా అదే బ్రాండ్స్ హాచ్‌లో జరిగిన గ్రాండ్ ప్రీకి అర్హత దొరకలేదు. 1992లో జొవాన్నా అమాటి బ్రాబమ్ కారుతో మూడు రేసులకు ప్రయత్నించి మూడింటిలోనూ వెనకబడింది. నిజం చెప్పాలంటే ఆమె చాలా నెమ్మది, సహచరుడి కన్నా కూడా. కానీ ఆమె స్థానంలో వచ్చిన డేమన్ హిల్ కూడా ఆ కారుతో ఆ ఏడాది రెండే రెండు రేసులకు అర్హత సాధించాడు. 1996లో ప్రపంచ చాంపియన్ అయింది ఆ హిల్లే. అమాటి విఫలమైందని అందరికీ గుర్తుంది, హిల్ ఎన్నిసార్లు విఫలమయ్యాడో ఎవరికీ గుర్తులేదు.

మంచి కారు, ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఉన్నచోట ఏం జరిగిందో చూడాలంటే ర్యాలీ వైపు వెళ్లాలి. ఆడి జట్టు ఫ్రాన్స్ డ్రైవర్ మిషెల్ మూటాన్‌కు క్వాట్రో కారు ఇచ్చింది. 1981లో కో-డ్రైవర్ ఫాబ్రీజియా పోన్స్‌తో కలిసి మూటాన్ సాన్‌రేమో ర్యాలీ గెలిచింది. 1982లో పోర్చుగల్, ఆక్రొపోలిస్, బ్రెజిల్ ర్యాలీలు గెలిచి, ప్రపంచ టైటిల్‌ను వాల్టర్ రోర్ల్‌కు 12 పాయింట్ల తేడాతో పోగొట్టుకుంది. 2001లో యూటా క్లైన్‌ష్మిట్ డాకర్ ర్యాలీ గెలిచింది. అమెరికాలో జానెట్ గత్రీ 1978 ఇండీ 500లో విరిగిన మణికట్టుతో తొమ్మిదో స్థానంలో వచ్చింది. డానికా పాట్రిక్ 2008లో జపాన్‌లోని మొటెగిలో అమెరికా సిరీస్ ఇండీకార్ రేసు గెలిచింది. డ్రాగ్ రేసింగ్‌లో షర్లీ మల్డౌనీ 1977, 1980, 1982లో టాప్ ఫ్యూయల్ చాంపియన్. ఆడవాళ్లకు రేసింగ్‌కు కావలసిన మనసు ఉండదని పాత తరం ఎఫ్1 డ్రైవర్ స్టర్లింగ్ మాస్ 2013లో కూడా రేడియోలో అన్నాడంటే, ఈ జాబితా అతని కళ్ల ముందు జరిగిందే కదా అని ఆశ్చర్యం వేస్తుంది.

ఇక శరీరం సంగతి. దీన్ని కొట్టిపారేయడం కూడా పొరపాటే, కాబట్టి అంకెలతో చూద్దాం. ఫార్ములా వన్ మలుపులో 5జీ (గురుత్వాకర్షణకు ఐదు రెట్ల బలం) వస్తే, తల, హెల్మెట్ కలిపి ఆరున్నర కిలోల బరువు మెడ మీద ముప్పై కిలోలు దాటుతుంది. బ్రేక్ పెడల్ మీద వంద కిలోలకు మించిన ఒత్తిడి పెట్టాలి, పవర్ బ్రేక్ సాయం ఉండదు. మెడ, కాళ్లు శిక్షణతో బలపడే భాగాలు. బరువు తక్కువైతే కారు వేగంగా పోతుంది కదా అన్న వాదన కూడా పాతబడింది: డ్రైవర్, సీటు కలిపి 2019 నుంచి కనీసం 80 కిలోలు, 2025 నుంచి 82 కిలోలు ఉండాలి, తక్కువైన బరువును సీటు దగ్గర బాలాస్ట్ (అదనపు బరువు) పెట్టి పూడ్చాలి. కాబట్టి యాభై ఐదు కిలోల డ్రైవర్‌కు లాభమూ లేదు, నష్టమూ లేదు.

అసలు చిక్కు స్టీరింగ్‌లో ఉంది, అదీ ఫార్ములా వన్‌లో కాదు. ఎఫ్1 కారుకు పవర్ స్టీరింగ్ ఉంది. దాని కింది మెట్లయిన ఎఫ్2, ఎఫ్3 కార్లకు లేదు. ముందు చక్రం తిరిగే ఇరుసును కాస్త వెనక్కి వాల్చి బిగిస్తారు, దాన్నే కాస్టర్ అంటారు. అందుకే మలుపులో టైరు తనంతట తాను తిన్నగా రావాలని చూస్తుంది, ఆ తోపు చక్రాలను స్టీరింగ్‌కు కలిపే ర్యాక్ గుండా డ్రైవర్ చేతుల్లోకి వస్తుంది. వేగం రెట్టింపైతే డౌన్‌ఫోర్స్ (గాలి కారును కిందికి నొక్కే బలం) నాలుగు రెట్లవుతుంది, కాబట్టి మలుపు ఎంత వేగమైనదైతే స్టీరింగ్ అంత బరువు. ఇరుకు కాక్‌పిట్‌లో పట్టేందుకు స్టీరింగ్‌ను చిన్నదిగా చేస్తారు. చిన్నదైతే చేతికి లివరేజ్ తక్కువ. అందరికీ ఒకే కారు ఇచ్చే సిరీస్ కావడంతో జట్టు ర్యాక్ మార్చుకునే వీలూ లేదు. మగవాళ్లతో పోలిస్తే మహిళల పైభాగపు కండబలం సగటున బాగా తక్కువ కాబట్టి ఈ ఒక్క భాగం వాళ్లకు ఎక్కువ కష్టం.

అలసట కారు సెన్సర్ల డేటాలో ఇలా కనిపిస్తుంది. మొదటి ల్యాపుల్లో స్టీరింగ్ గీత నునుపుగా ఉంటుంది. రేసు సాగే కొద్దీ అందులో వణుకు మొదలవుతుంది. నెమ్మది మలుపుల్లో కనీస వేగం మారదు, వేగమైన మలుపుల్లో మాత్రం తగ్గుతూ వస్తుంది. డ్రైవర్ భయపడుతోందని చాలామంది ఇంజినీర్లు దీన్ని తప్పుగా చదువుతారు. రెండూ వేరు: భయమైతే యాక్సిలరేటర్ ముందుగా వదిలిన గుర్తు కనిపిస్తుంది, అలసటైతే స్టీరింగ్ కోణం తగ్గి కారు బయటికి జారుతుంది.

అయినా ఇది దాటలేని గోడేమీ కాదు. ఇండీకార్‌లోనూ పవర్ స్టీరింగ్ లేదు. అయినా సిమోనా డి సిల్వెస్ట్రో 2013లో హ్యూస్టన్ వీధుల్లో, గతుకుల ట్రాక్ మీద, రెండో స్థానంలో వచ్చింది. మహిళల డబ్ల్యూ సిరీస్‌లో మూడుసార్లు చాంపియన్ అయిన జేమీ చాడ్విక్ 2024లో రోడ్ అమెరికా ట్రాక్‌లో, ఇండీకార్‌కు కింది మెట్టయిన ఇండీ ఎన్ఎక్స్‌టీ రేసు గెలిచింది. 2024 ఎఫ్2 కారు గీసేటప్పుడు స్టీరింగ్ బరువు అన్ని రకాల డ్రైవర్లకు సరిపోవాలన్న షరతును ప్రపంచ రేసింగ్ పాలకసంస్థ ఎఫ్ఐఏ పెట్టింది. 1958 నుంచి సాగుతున్న వాదనలో డిజైన్ కాగితం దాకా వెళ్లిన మార్పు ఇది.

శరీరం కన్నా పెద్ద మెట్టు లైసెన్స్. 2016 నుంచి ఎఫ్1 నడపాలంటే మూడేళ్లలో కింది సిరీస్‌ల ఫలితాలతో 40 సూపర్ లైసెన్స్ పాయింట్లు తెచ్చుకోవాలి. ఎఫ్2లో మొదటి ముగ్గురికి 40, ఎఫ్3 విజేతకు 30. మహిళల కోసమే నడిచే ఎఫ్1 అకాడమీ విజేతకు పదే. ఎఫ్3 సీజన్‌కు సుమారు పది లక్షల యూరోలు, ఎఫ్2కు ఇరవై లక్షలకు పైనే అన్నది జట్ల మధ్య వినిపించే లెక్క. అంత పెట్టినా ట్రాక్ మీద సమయం తక్కువ. ఎఫ్2లో ఒక వారాంతానికి ప్రాక్టీస్ 45 నిమిషాలు, క్వాలిఫైయింగ్ 30 నిమిషాలు. కొత్త టైరు పూర్తి పట్టు ఇచ్చేది ఒకటి రెండు ల్యాపులే. డబ్బున్న కుర్రాళ్లు పాత కార్లతో సొంతంగా టెస్టింగ్ చేసి ఆ ఒక్క ల్యాప్‌ను ముందే నేర్చుకుని వస్తారు. స్పాన్సర్ ఆలస్యంగా దొరికిన అమ్మాయి దాన్ని అసలు సెషన్‌లోనే నేర్చుకోవాలి. 2019లో తాతియానా కాల్డెరాన్ ఎఫ్2లో పాయింటు లేకుండా సీజన్ ముగించింది. సోఫియా ఫ్లోర్ష్ 2023లో ఎఫ్3లో పాయింట్లు తెచ్చిన తొలి మహిళ అయింది. వీళ్లకన్నా ముందే సూసీ వోల్ఫ్ 2014లో విలియమ్స్ తరఫున ప్రాక్టీస్ సెషన్లలో నడిపింది. హాకెన్‌హైమ్‌లో సహచరుడు ఫెలిపె మస్సాకు రెండు పదో వంతుల సెకను దూరంలోనే నిలిచింది. అది రేసు దాకా వెళ్లలేదు.

మహిళలకు విడిగా సిరీస్ పెట్టాలా అన్న దాని మీద డ్రైవర్ల మధ్యే ఒప్పందం లేదు. డబ్ల్యూ సిరీస్ (2019-2022) డ్రైవర్ల దగ్గర పైసా తీసుకోలేదు, విజేతకు అయిదు లక్షల డాలర్లు ఇచ్చింది. పైమెట్టు ఎఫ్3 ఖర్చు అంతకన్నా ఎక్కువ. అందుకే చాడ్విక్ గెలిచిన చోటే మళ్లీ మళ్లీ గెలుస్తూ ఉండిపోయింది. చివరికి డబ్బులు లేక ఆ సిరీస్ 2022 సీజన్ మధ్యలోనే ఆగింది. 2023లో మొదలైన ఎఫ్1 అకాడమీ ఎఫ్4 స్థాయిది, అంటే ఈ మెట్లలో అన్నిటికన్నా కిందిది. తొలి ఏడాది ఒక్కో కారుకు ఎఫ్1 లక్షా యాభై వేల యూరోలు, డ్రైవర్ అంతే, మిగతాది జట్టు పెట్టుకున్నాయి. 2024లో అప్పటి పది ఎఫ్1 జట్లూ తలా ఒక డ్రైవర్‌కు తమ రంగులు ఇచ్చాయి. ఇందులో పోటీ ఎంత గట్టిదన్న అనుమానానికి సగం జవాబు అబ్బీ పుల్లింగ్ ఇచ్చింది: అకాడమీ టైటిల్ గెలిచిన 2024లోనే, అబ్బాయిలతో నడిచే బ్రిటిష్ ఎఫ్4లో బ్రాండ్స్ హాచ్ రేసు గెలిచింది.

మన దగ్గర ఇది వేరే దారిలో నడిచింది. చెన్నై పక్క ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ముగిసిన 2018-19 ఎంఆర్ఎఫ్ చాలెంజ్‌ను చాడ్విక్కే గెలిచింది, మగ డ్రైవర్లతో పోటీపడి. 2022లో మొదలై, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున వీధి ట్రాక్ మీద కూడా నడిచిన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ప్రతి జట్టులో నలుగురు డ్రైవర్లు, వారిలో ఒకరు మహిళ అయి తీరాలన్నది నిబంధన. ఆమె తెచ్చే పాయింట్లు కూడా జట్టు ఖాతాలోవే. కాబట్టి ఆమెకు చెత్త కారు ఇచ్చి కూర్చోబెడితే నష్టపోయేది జట్టే. లొంబార్డి మాట వినడానికి మార్చ్ జట్టుకు ఇలాంటి అవసరం ఏదీ లేకపోయింది.

ఎఫ్1 అకాడమీ 2023 విజేత మార్టా గార్సియా 2024లో ఫార్ములా రీజనల్ యూరప్‌కు, పుల్లింగ్ 2025లో జీబీ3కి బహుమతి సీటుతో వెళ్లారు. రెండూ ఎఫ్3 కన్నా ఒక మెట్టు కింద. ఆ సీటు ఒక్క సీజన్‌కే. ఆ తర్వాత ఎఫ్3 జట్టు అడిగే పది లక్షల యూరోలు ఎవరు కడతారన్నది ప్రతి విజేత విషయంలోనూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.