డబ్బిచ్చి కొన్న కథ అటకెక్కింది: డెస్టినీ 2 గొడవ ఎక్కడ మొదలైంది?

ఆన్‌లైన్ గేమ్‌ను కంపెనీ ఆపేస్తే కొనుక్కున్నవాడి గతేంటన్న గొడవ మళ్ళీ రాజుకుంది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ‘ది క్రూ’ అనే కార్ల రేసింగ్ గేమ్ సర్వర్లను ఆపేసింది. ఆ కోపంలోంచి పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి 2025 జులై నాటికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఈ చర్చ ఎక్కడ జరిగినా నాలుగు మాటలు కాగానే ఎవరో ఒకరు డెస్టినీ 2 అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ పేరెత్తుతారు. దాని సర్వర్లు ఆపలేదు కదా, ఏళ్ళ తరబడి కొత్త అప్‌డేట్లు వచ్చాయి కదా, దాని ఊసెందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. అప్‌డేట్లు వచ్చినందుకే దాని ఊసు వస్తోంది.

ఈ గేమ్ తీసిన బంగీ కంపెనీ ఎవరిది, అంతకుముందు హేలో గేమ్ ఎలా తీశారు, మైక్రోసాఫ్ట్ నుంచి ఎలా బయటపడ్డారు, 2014లో మొదటి డెస్టినీ ఎంత గందరగోళంగా వచ్చిందన్నది గేమ్స్ ఆడేవాళ్ళకు కొత్త కాదు. అక్కడికి వెళ్ళను. నా లెక్కలో ఈ కథ 2020 జూన్ 9న మలుపు తిరిగింది.

ఆ రోజు బంగీ ఏడాదికొకటి చొప్పున మూడు ఎక్స్‌పాన్షన్లు, అంటే గేమ్‌కు విడిగా అమ్మే కొత్త భాగాలు, ప్రకటించింది: బియాండ్ లైట్, ది విచ్ క్వీన్, లైట్‌ఫాల్. అభిమానులకు పండగే. అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది: ‘డెస్టినీ కంటెంట్ వాల్ట్’. కొత్త సరుకు వస్తోంది కాబట్టి పాత సరుకులో కొంత గేమ్‌లోంచి తీసి లోపల భద్రపరుస్తాం, అవసరమైనప్పుడు బయటికి తెస్తాం అన్నారు. వినడానికి బ్యాంకు లాకర్‌లా అనిపించింది. జరిగింది మాత్రం మన ఇళ్ళలో పాత సామాను అటకెక్కించడమే. ఎక్కించేటప్పుడు ఎవరూ పారేస్తున్నామని అనరు.

2020 నవంబర్ 10న బియాండ్ లైట్ వచ్చింది. అదే రోజు గేమ్‌లో మనం తిరిగే మార్స్, మెర్క్యురీ, అయో, టైటాన్ పోయాయి. లెవియాథన్ అనే ఓడ పోయింది. రెయిడ్లు, అంటే జట్టుగా ఆడే కష్టమైన మిషన్లు, మొత్తం అయిదు పోయాయి. కర్స్ ఆఫ్ ఒసైరిస్, వార్‌మైండ్ ఎక్స్‌పాన్షన్ల కథలు పోయాయి. అన్నిటికంటే ముఖ్యంగా రెడ్ వార్ పోయింది. అంటే 2017 సెప్టెంబర్‌లో ఈ గేమ్ మొదటిసారి అమ్ముడైనప్పుడు పెట్టెలో ఉన్న అసలు కథ.

రెడ్ వార్ మొదటి గంట ఆడినవాళ్ళు మర్చిపోవడం కష్టం. గౌల్ అనే విలన్ సైన్యం నగరం మీద విరుచుకుపడుతుంది, టవర్ తగలబడుతుంది. మీ శక్తంతా లాగేసి, గౌల్ మిమ్మల్ని తన ఓడ మీంచి కాలితో కిందికి తన్నేస్తాడు. కళ్ళు తెరిచేసరికి శిథిలాల మధ్య పడి ఉంటారు. అలవాటుగా పరుగు బటన్ నొక్కితే కాళ్ళు కదలవు. కుంటుకుంటూ నడవాల్సిందే. అప్పటిదాకా దేవుడిలా ఎగిరి దూకిన మనిషి, ఆకాశంలో ఒక డేగ కనిపిస్తే దాని వెనకే ఈడ్చుకుంటూ ఊరు దాటతాడు. తుపాకీ పేల్చే గేమ్‌లో ఆ కొన్ని నిమిషాలు నడకే. ఇంత ధైర్యంగా మొదలైన షూటర్లు నాకు ఎక్కువ గుర్తుకు రావు.

ఈ కథ 60 డాలర్లు. ఒసైరిస్, వార్‌మైండ్ కలిపిన పాస్ 35 డాలర్లు. 2018లో వచ్చిన ఫర్‌సేకెన్ 40 డాలర్లు. మొదటి రోజు నుంచీ వెంట ఉన్నవాడు ఏడాది తిరిగేసరికి 135 డాలర్లు కట్టాడు. వాటి కథలేవీ ఇప్పుడు ఆడటానికి లేవు. 2017 నాటి డిస్క్ ఇవాళ పెట్టినా దాని మీద ముద్రించిన కథ రాదు.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. గేమ్ 100 జీబీ దాటిపోయింది. చిన్న మార్పు చేసినా పాతవన్నీ మళ్ళీ పరీక్షించాలి, ఒక బగ్ సరిచేస్తే ఎక్కడో రెండు పుడతాయి, ప్యాచ్ ఇవ్వడానికే పుణ్యకాలం గడిచిపోతోంది అన్నారు. తీసేశాక సైజు 30 నుంచి 40 శాతం తగ్గి, ప్లాట్‌ఫామ్‌ను బట్టి 59 నుంచి 71 జీబీకి దిగింది. రోజుకు 2 జీబీ మొబైల్ డేటా మీద బతికేవాళ్ళున్న మన ఊళ్ళలో దీన్ని చిన్న విషయం అనలేం. పైగా 2019 అక్టోబర్‌లోనే రెడ్ వార్‌నూ ఆ రెండు చిన్న ఎక్స్‌పాన్షన్లనూ అందరికీ ఉచితం చేసేశాం కాబట్టి, అమ్మకంలో ఉన్నదాన్ని లాక్కోలేదని కంపెనీ పక్షాన మాట్లాడేవాళ్ళు అంటారు. ముందే డబ్బు కట్టినవాళ్ళకు దీనిలో ఊరట ఏముందో నాకైతే అర్థం కాలేదు.

సైజు సమస్య అబద్ధం కాదు. కానీ అది ఆ ఏడాదే ఎందుకు పీక మీదికి వచ్చిందో తెలియాలంటే ఏడాదిన్నర వెనక్కి పోవాలి. 2019 జనవరి 10న బంగీ, డెస్టినీని అమ్మిపెట్టే ఆక్టివిజన్ కంపెనీ విడిపోయాయి. ‘స్వేచ్ఛ వచ్చింది’ అని ఆటగాళ్ళు సంబరపడ్డారు. ఆక్టివిజన్‌తో పాటు పోయిన చేతుల గురించి ఎక్కువమంది ఆలోచించలేదు. వార్‌మైండ్‌కు వికారియస్ విజన్స్, ఫర్‌సేకెన్‌కు హై మూన్ స్టూడియోలు భుజం కలిపి పనిచేశాయి. రెండూ ఆక్టివిజన్‌వే. అవి వెళ్ళిపోయాక బంగీ ఒంటరిగా మూడు నెలలకొక సీజన్, ఏడాదికొక ఎక్స్‌పాన్షన్ ఇస్తానని భుజానికెత్తుకుంది. పాత ఇంటికి రిపేర్లు చేస్తూనే కొత్త ఇల్లు కట్టాలి, మేస్త్రీలేమో తగ్గారు. అందుకే పాత గదులకు తాళం పడింది. సాంకేతిక కారణం, మనుషుల కొరత రెండూ ఉన్నాయి. ప్రకటనలో మొదటిదే కనిపించింది.

వేరే దారి లేదా అంటే, 2020 ఆగస్టులో స్క్వేర్ ఎనిక్స్ అనే కంపెనీ చేసింది చూడండి. వాళ్ళ ఆన్‌లైన్ గేమ్ ఫైనల్ ఫాంటసీ 14లో కూడా పాత కథ కొండలా పేరుకుపోయింది. కొత్తగా చేరినవాడు మొదటి భాగం దాటలేక మధ్యలోనే మానేస్తున్నాడు. 5.3 ప్యాచ్‌లో వాళ్ళు ఆ మొదటి భాగంలో సాగదీసిన క్వెస్ట్‌లు కొన్ని తీసేసి, కొన్ని కత్తిరించి, నడక తేలిక చేశారు. కథ కథలా ఉంచారు. పైగా మొదటి ఎక్స్‌పాన్షన్‌ను కూడా ఉచిత ట్రయల్‌లో కలిపేశారు. ఆ గేమ్ వేరు, దాని ఇంజిన్ వేరు, దానికి నెలవారీ చందా ఉంది, నిజమే. అయినా రెండు కంపెనీలూ ఒకే ఏడాదిలో ఒకే సమస్యను చూశాయి. ఒకటి పాతదాన్ని దువ్వింది, ఇంకొకటి గొరిగింది.

వాల్ట్‌తో పాటే వచ్చిన ఇంకో నిర్ణయం ఆటగాళ్ళను మరింత కాల్చింది. పాత ఆయుధాల బలానికి పరిమితి పెట్టారు. నెలల తరబడి కష్టపడి సంపాదించిన తుపాకీ ఒక తేదీ దాటాక కష్టమైన మిషన్లలో పనికిరాదు. దీన్ని ‘సన్‌సెట్టింగ్’ అన్నారు. గోల భరించలేక 2021 ఫిబ్రవరిలో ఆ పద్ధతి ఆపేస్తామన్నారు. 2025 జులైలో వచ్చిన ది ఎడ్జ్ ఆఫ్ ఫేట్‌లో కొత్త ఆయుధాలకు అదనపు బలం ఇచ్చేసరికి ఆ పాత పుండే మళ్ళీ రేగింది.

2022 ఫిబ్రవరి 22న ది విచ్ క్వీన్ వచ్చిన రోజు ఫర్‌సేకెన్ వంతు. కేడ్-6 అనే హాస్యప్రియుడైన పాత్ర చనిపోవడంతో మొదలయ్యే కథ అది. ఈ గేమ్ తీసిన అన్ని కథల్లోనూ జనం ఎక్కువగా ప్రేమించింది అదే. తీసేయడానికి ముందు కొన్ని వారాలు ఉచితంగా ఆడనిచ్చారు. దాని రెయిడ్, కొన్ని ఆయుధాల వరకు 20 డాలర్ల ప్యాక్‌గా అమ్మారు. 2024లో ది ఫైనల్ షేప్ వచ్చినప్పుడు కేడ్ తిరిగొచ్చాడు. పాతవాళ్ళ కళ్ళు చెమర్చాయి. మధ్యలో చేరినవాళ్ళేమో ఇతనెవరు, ఎప్పుడు పోయాడు, ఇంత ఏడుపు దేనికని పక్కవాళ్ళను అడిగారు. ఆ కథ మొత్తం ఆడటానికి గేమ్‌లో దారి లేదు మరి.

2022 ఆగస్టులో బంగీ ఇక మీదట ఎక్స్‌పాన్షన్లను వాల్ట్‌లో వేయబోమని చెప్పింది. కొన్ని నెలల ముందే సోనీ ఆ కంపెనీని 360 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మార్స్, టైటాన్ లాంటి చోట్లు ముక్కలు ముక్కలుగా వెనక్కి వచ్చాయి కూడా. రెడ్ వార్ కథ మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో 2025లో తెలిసొచ్చింది, అదీ కోర్టులో. రెడ్ వార్‌లోని శత్రుసైన్యం కథ తాను అంతకుముందే రాసుకున్న కథకు కాపీ అని ఒక రచయిత అమెరికాలోని లూసియానా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. దాన్ని కొట్టేయమని బంగీ కోరింది. రెండు కథలూ వేర్వేరని చూపాలంటే గేమ్ చూపాలి. అటక మీంచి దించలేకపోయారు. ఆ పాత భాగం ఇప్పటి గేమ్ సాంకేతికతతో నడవదని చెప్పి, దాని బదులు యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన వీడియోలనూ, అభిమానులు రాసుకున్న వికీ పేజీలనూ జతచేశారు. బయటివాళ్ళు తయారుచేసిన వాటిని పరిగణించలేనని జడ్జి మే నెలలో చెప్పి, కేసు ముందుకు సాగనిచ్చారు.

యూరప్‌లో 2025లో గేమ్ పరిశ్రమ సంఘం వినిపించిన వాదన ఏమిటంటే, ఆపేసిన గేమ్‌ను ఆడేలా ఉంచమంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని, తయారీదారుల స్వేచ్ఛకు అడ్డు వస్తుందని. ఆ ఖర్చు ఎంతో సర్వర్లు నడిపేవాళ్ళకే తెలియాలి. కానీ తన గేమ్‌ను కోర్టుకు చూపడానికి బంగీ పరాయివాళ్ళ వీడియోల మీద ఆధారపడింది కదా, డెస్టినీ ఆటగాళ్ళు చర్చకు మొదట తెచ్చేది దాన్నే. ఆ డేగ వెనక నడక ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. కంట్రోలర్ మాత్రం వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది.