05/06 అంటే ఏ రోజు?

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువుల్లో లెక్కంతా సీడ్ (రొయ్య పిల్ల) పోసిన తేదీ మీదే నడుస్తుంది. ఎన్ని రోజుల పిల్ల అన్నదాన్ని బట్టి మేత, మేతను బట్టి ఖర్చు, చివరికి పట్టుబడి. గట్టు మీద షెడ్డులో వేలాడే నోటుపుస్తకంలో 05/06/2024 అని ఉంటే అది జూన్ 5 అని ఎవరూ ఎవరినీ అడగరు. అవే అంకెల్ని ఆఫీసు గదిలోని ఎక్సెల్ షీటులో కొడితే మే 6గా లోపలికి పోవచ్చు. రెండింటికీ మధ్య సరిగ్గా 30 రోజులు. నిన్న సాయంత్రం పోసిన పిల్లకు షీటు నెల పిల్ల మేత చూపిస్తుంది. లక్ష పిల్లకు మొదటి రోజు సుమారు 2 కిలోలతో మొదలయ్యే మేత, నెల తిరిగేసరికి దానికి ఎన్నో రెట్లు. పైగా మొదటి వారాల్లో చెక్ ట్రేలో (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళెంలో) మిగులు చూసి తగ్గించుకునే వీలు తక్కువ, పట్టిక చెప్పినంత వేయడమే. ఎక్కువైంది అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ముదురు రైతు ఆ అంకె చూడగానే షీటు మూసేస్తాడు. కొత్తగా చేరిన సూపర్‌వైజరు మూయకపోవచ్చు.

నిజానికి షీటు లెక్క తప్పలేదు. నెల ముందు, రోజు తర్వాత అన్న అమెరికా వరసలో చదివింది, అంతే. విండోస్ వేసేటప్పుడు మొదటి తెరలోనే భాషతో పాటు సమయం, కరెన్సీ పద్ధతి ఏది కావాలని అడుగుతుంది. చాలా డిస్కుల్లో అక్కడ ముందే ఎంచి ఉండేది ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్). కంప్యూటరు అమర్చి ఇచ్చే కుర్రాడు నెక్స్ట్ మీద నెక్స్ట్ కొట్టుకుంటూ పోతాడు. మళ్ళీ ఎవరైనా మార్చేదాకా ఆ యంత్రానికి 05 అంటే మే నెలే.

ఇందులో పెద్ద చిక్కు, తప్పు సగమే పైకి కనబడటం. రోజు అంకె 12 లోపు ఉన్న తేదీలు ఏడాదికి 144. వాటిలో 01/01, 02/02 లాంటి 12 తేదీలు ఎటు చదివినా ఒకటే. మిగతా 132 చప్పుడు లేకుండా తిరగబడతాయి. 13 నుంచి మొదలయ్యే 221 తేదీలకు పదమూడో నెల లేదు కాబట్టి, ఎక్సెల్ వాటిని తేదీలుగా గుర్తించక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. కాలమ్‌ను కాస్త వెడల్పు చేసి చూస్తే కొన్ని గడుల్లో తేదీ కుడివైపుకి, కొన్నిటిలో ఎడమవైపుకి అంటుకుని ఉంటుంది. కుడివి తేదీలు, ఎడమవి రాతలు. చూసినవాళ్ళు ఎడమవాటినే పాడైపోయాయనుకుని సరిచేయబోతారు. నిజానికి అవే నయం, వాటిలో కొట్టింది కొట్టినట్టే ఉంది. అనుమానించాల్సింది చక్కగా కుడివైపు నిలబడ్డ వాటిని.

నెలను ముందు పెట్టడం మరీ వింత అలవాటేమీ కాదు. మనమూ నోటితో "జూన్ అయిదో తారీకు" అనే అంటాం. అంకెల్లోకి దిగేసరికి 5-6 అని రాస్తాం. అమెరికా వాళ్ళు పలికిన వరసలోనే అంకెలూ రాశారు. తొలినాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం అక్కడే పుట్టింది కాబట్టి ఆ వరస దానితో పాటే ప్రపంచమంతా తిరిగింది. ఐబీఎం పీసీల్లో డాస్ మొదలవగానే తేదీ కొట్టమని అడిగేది, నెల-రోజు-సంవత్సరం వరసలో. సీ భాషకు 1989లో ప్రమాణం వచ్చినప్పుడు లొకేల్ అన్న ఏర్పాటు చేర్చారు. ఏ దేశం వాడికి ఆ దేశపు తేదీ చూపించొచ్చు, కానీ ప్రోగ్రామరు పనిగట్టుకుని అడిగితేనే. అడక్కపోతే వచ్చే మామూలు లొకేల్‌లో పొట్టి తేదీ నెల/రోజు/సంవత్సరమేనని 1999 ప్రమాణంలో ఏకంగా రాసిపెట్టారు.

లోపల దాచుకునే వరస మాత్రం మొదటినుంచీ వేరు. కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాములకు సిస్టమ్ నుంచి తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఆరంకెలుగా వచ్చేది. అలా ఉంటే మామూలు అంకెల్లా పేర్చినా కాలక్రమం తప్పదు. అదే వరసను నాలుగంకెల సంవత్సరంతో, అడ్డగీతలతో 2024-06-05 అని రాయాలని 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 8601 నంబరు ప్రమాణం తెచ్చింది. ఇంటర్నెట్‌లో వాడకానికి దాన్ని కుదించి 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3339 అన్న నిబంధనల పత్రం వచ్చింది. పాస్‌పోర్టు తీసి చూడండి, రెండు వరసలూ ఒకే పేజీలో ఉంటాయి. పైన మనిషి చదివే చోట పుట్టినతేదీ 05/06/1998, అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో అదే తేదీ 980605.

సంవత్సరం ముందు అనగానే మనకు కృతకంగా అనిపిస్తుంది కానీ, తెలుగు రాతకు అది పాత చుట్టమే. అమలాపురంలోనో నర్సాపురంలోనో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర రాసే దస్తావేజు మొదటి వాక్యం "2024వ సంవత్సరం జూన్ నెల 5వ తేదీన" అనే మొదలవుతుంది. పంచాంగం వరస కూడా అంతే: సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం. పెద్దది ముందు, చిన్నది తర్వాత. ఐఎస్‌ఓ కమిటీకి ఈ సంగతి తెలిసి ఉండదనుకోండి.

ఏ దేశానికి ఏ పద్ధతి అన్న పట్టికలు ఒకప్పుడు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కోలా ఉండేవి. వాటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చే పని 2003లో సీఎల్‌డీఆర్ పేరుతో మొదలైంది. ఇప్పుడు యూనికోడ్ కన్సార్షియం చూసుకుంటోంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, క్రోమ్ తేదీ రాసేది దీన్ని చూసే. తెలుగు ఎంచుకుంటే పొట్టి తేదీ 05-06-24 అని వస్తుంది. పూర్తి తేదీ "5, జూన్ 2024, బుధవారం". ఆ 5 పక్కన కామా ఏ తెలుగువాడూ పెట్టడు, కానీ వరస మాత్రం మనదే. ఇంగ్లీష్ (ఇండియా) అయితే 05/06/24. ఇంగ్లీష్ అని మాత్రమే చెప్పి దేశం చెప్పకపోతే? భాష ఒక్కటే తెలిసినప్పుడు ఏ దేశం అనుకోవాలో చెప్పే జాబితా ఒకటి అందులో ఉంది. తెలుగుకు ఇండియా, ఇంగ్లీషుకు అమెరికా. కాబట్టి 6/5/24. అలా భాష ఒక్కటే చూసే యాప్‌లో, ఫోనును తెలుగులో పెట్టుకున్న పెద్దాయనకు తేదీ సరిగ్గా కనిపిస్తుంది, ఇంగ్లీషులో పెట్టుకున్న మనవడికి తిరగబడుతుంది. గోదావరి జిల్లాల్లో ఫోన్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక ఈ తిరకాసు చాలామందికి తగులుతుంది. యాప్ రాసేవాళ్ళు భాషను చూసి దేశాన్ని ఊహించడం మానాలి. ఫోను సెట్టింగుల్లో ప్రాంతం విడిగా ఉంటుంది, దాన్నే అడగాలి.

డేటాబేసుల్లో ఉచ్చులు వేరే రకం. పోస్ట్‌గ్రెస్ తేదీని ఐఎస్‌ఓ వరసలో చూపిస్తుంది, కానీ 05/06/2024 అని లోపలికి ఇస్తే, మామూలు సెట్టింగులో మే 6గా తీసుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ రకం ఇంకా మొండిది. భాషను బ్రిటిష్‌కు మారిస్తే 2024-06-05ను కూడా సంవత్సరం-రోజు-నెలగా చదివి మే 6 చేస్తుంది. ఐఎస్‌ఓ పద్ధతి వాడాం, ఇక భయం లేదనుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. గీతలు లేకుండా 20240605 అని ఇస్తే ఏ సెట్టింగులోనైనా జూన్ 5గానే ఉంటుంది.

ఇక గడియారం సంగతి. భారత ప్రామాణిక సమయం 1906 జనవరి 1 నుంచి అమలైంది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు కొద్దిగా తూర్పున, తుని పక్కగా పోతుంది. భీమవరం దానికి దాదాపు ఒక డిగ్రీ పడమర, అంటే సూర్యుడి లెక్కలో 4 నిమిషాలు వెనక. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 82.5 డిగ్రీలకు గ్రీన్‌విచ్ సమయం కన్నా అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంటే తంటా. టైమ్ జోన్ తేడాను పూర్తి గంటల్లో దాచే ప్రోగ్రాములకు మన దేశం ఇమడదు.

అయిదున్నర గంటల వల్ల వచ్చే ఇంకో జబ్బుకు గుర్తు తేలిగ్గా దొరుకుతుంది. డేటాబేసులో ఒక తేదీ కాలమ్ నిండా 18:30:00 అన్న సమయం కనిపిస్తే, ఎవరో ఇండియా అర్ధరాత్రిని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మార్చి దాచారన్నమాట. జూన్ 5 తేదీని 00:00 గంటలతో కలిపి పంపితే అది జూన్ 4, 18:30గా కూర్చుంటుంది. తర్వాత ఎవరో సమయం ముక్క కోసేసి తేదీ ఒక్కటే తీసుకుంటే రోజు వెనక్కి పోయినట్టే. జావాస్క్రిప్ట్‌లో దీనికి తలకిందుల కేసూ ఉంది. 2024-06-05 అని తేదీ మాత్రమే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మన దగ్గర అది జూన్ 5 ఉదయం 5:30, కనుక పరీక్షించినవాడికి అంతా బాగానే ఉంటుంది. అదే న్యూయార్క్‌లో రొయ్యలు కొన్నవాడు తెరిస్తే జూన్ 4 రాత్రి 8 గంటలు, ప్యాకింగ్ తేదీ ఒకరోజు వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. సీడ్ పోసిన రోజు, ప్యాకింగ్ రోజు, పుట్టినరోజు లాంటివాటికి గడియారంతో పని లేదు. వాటిని ఉత్త తేదీ రకంలోనే దాచాలి. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటరు ఆగిపోయిన క్షణం లాంటిదైతే యూటీసీలో దాచి, చూపేటప్పుడు ఇక్కడి సమయంలోకి మార్చాలి.

మన లెక్కలో తెల్లారితేనే తేదీ మారినట్టు. "5వ తేదీ రాత్రి ఒంటిగంట బండి" అంటే గడియారం ప్రకారం 6వ తేదీ 01:00. తాడేపల్లిగూడెంలో అర్ధరాత్రి దాటాక ఎక్కాల్సిన రైలుకు 6వ తేదీ టికెట్టు తీసుకుని, 6వ తేదీ రాత్రి భోంచేసి స్టేషనుకు వెళ్తే బండి ముందు రోజు రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. 12 గంటల గడియారమైనా 24 గంటలదైనా ఈ పొరపాటు ఆపలేదు. తేదీ పక్కన "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" అని ఒక ముక్క రాయడమే పనిచేస్తుంది. శుభలేఖల్లో తెల్లవారుజాము ముహూర్తాలకు ఎప్పటినుంచో అలాగే వేస్తున్నారు.

మనుషులకు చూపే చోట నెలను అక్షరాల్లో రాస్తే వరస గొడవే ఉండదు: 05 జూన్ 2024. కొట్టే చోట 05/06 అని ఉత్త అంకెలు అనుమతించకుండా క్యాలెండరు తెరిచి ఎంచుకోమనడం మంచిది. ఫైలు పేర్లకు, డేటాబేసుకు 2024-06-05 (ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్‌కు మాత్రం 20240605). సంవత్సరం ఎప్పుడూ నాలుగంకెలే ఉండాలి. రెండంకెలు కొడితే అది 2000ల్లోదో, 1900ల్లోదో ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది.

ఎక్సెల్ వాడే చోట ముందు కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి ఫార్మాట్‌ను ఇంగ్లీష్ (ఇండియా) చేయాలి. బయటినుంచి వచ్చిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల) ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకూడదు. డేటా ట్యాబ్‌లోంచి తెచ్చుకుని, తేదీ కాలమ్‌కు యూజింగ్ లొకేల్ ఎంచి ఇండియా అని చెప్పాలి. పాత పద్ధతి అలవాటైనవాళ్ళు టెక్స్ట్ టు కాలమ్స్ మూడో మెట్టులో డేట్ దగ్గర డీఎంవై (రోజు-నెల-సంవత్సరం) పెడితే సరిపోతుంది. తిరగబడినవీ సరిగ్గా ఉన్నవీ కలిసిపోయి సేవ్ అయిపోయిన షీటుకు మాత్రం ఏ సూత్రమూ లేదు, అందులో అసలు తేదీ ఏదో ఎక్సెల్‌కూ తెలియదు. అప్పుడు తేదీని వదిలి, పిల్లను అమ్మిన హేచరీ బిల్లు నంబరు ప్రకారం పేర్చాలి. నంబర్లు పెరిగే కొద్దీ తేదీలూ పెరగాలి. ఎక్కడ తేదీ ఉన్నట్టుండి నెలల వెనక్కో ముందుకో దూకిందో, ఆ బిల్లు కాగితం బయటికి తీసి చూసుకోవాలి.