సలేశ్వరం జాతర: అడవి గుడికి రోజుల లెక్క ఎలా వచ్చింది

ఏటా చైత్ర పౌర్ణమి దగ్గరపడగానే నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: సలేశ్వరం జాతరకు ఈసారి అటవీశాఖ ఎన్ని రోజులు అనుమతిస్తుంది? నల్లమల లోతట్టున, జలపాతం దూకే లోయలో, గుహలో కొలువైన లింగమయ్యకు గోపురం లేదు, ప్రాకారం లేదు. ఎండాకాలంలో ఆ కొద్ది రోజులు తప్ప బయటివారికి ఆ దారి మూసే ఉంటుంది.

ఈ గుడికి అర్చకులు నేటికీ చెంచులే. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సిఫారసు మేరకు నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. ఆ అడవిలోని ఫరహాబాద్ నిజాం పాలకుల వేటస్థలం కూడా. 1978లో ఈ ప్రాంతం వన్యప్రాణుల అభయారణ్యమైంది, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా వేరుపడింది. ఇలా ఒక్కో దశలో అడవిలోకి రాకపోకలపై ఆంక్షలు పెరుగుతూ వచ్చాయి, జాతరకు అనుమతి తప్పనిసరైంది.

మరోవైపు శ్రీశైలం రహదారి మీదుగా వచ్చే భక్తుల సంఖ్యా పెరిగింది. ఫరహాబాద్ చౌరస్తా నుంచి రాంపూర్ పెంట (పెంట అంటే చెంచుల గూడెం) దాకా బండ్లు వెళ్తాయి. ఆపైన చేతికర్ర ఊతంగా, రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ లోయలోకి దిగాలి. దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అని, తిరిగి ఎక్కేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అని కేకలు వేస్తారు. గుహ దగ్గరికి వచ్చేసరికి దారి ఇరుకవుతుంది. ఎదురెదురుగా ఇద్దరు తప్పుకోవడమే కష్టం. 2023 జాతరలో ఆ రద్దీలోనే భక్తులు ప్రాణాలు కోల్పోయారు.

అందువల్ల ఈ రోజుల లెక్కను భక్తులకూ అటవీశాఖకూ మధ్య తగాదాగా మాత్రమే చూడడం సరికాదని నా అభిప్రాయం. వేసవిలో పులులకూ జింకలకూ నీటి చెలమలే ఆధారం కాబట్టి ఆంక్షలు అవసరమే, ప్లాస్టిక్‌ను ఆపడమూ అవసరమే. అయితే జాతర ఎన్ని రోజులు జరగాలో, రోజుకు ఎంతమందిని పంపాలో తేల్చేటప్పుడు మొదట వినవలసింది ఆ లోయను తరతరాలుగా కాపాడుకొస్తున్న చెంచు పెంటల మాట. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన స్థానం అలాంటిదే.