సీఎస్ఈతో పాటు మైనర్: ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి చెన్నై కాలేజీల్లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్)లో చేరే పిల్లల ఇళ్లలో మైనర్, అంటే సొంత బ్రాంచితో పాటు మరో రంగంలో చదివే కొన్ని కోర్సుల మాట ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. తీసుకోవాలా? తీసుకుంటే ఏది? అసలు ఈ పద్ధతి ఎవరి కోసం వచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో సబ్జెక్టు చదవడం మద్రాసుకు కొత్త కాదు. ఇక్కడి బీఎస్సీలో మెయిన్ పక్కన యాన్సిలరీ, అంటే తోడు సబ్జెక్టు, ఎప్పటి నుంచో ఉంది. మన ఆంధ్ర డిగ్రీల్లో అయితే చాలాకాలం మూడు సబ్జెక్టులూ సమానమే. ఇంజినీరింగ్‌లోనే బ్రాంచి గోడలు గట్టిగా లేచాయి.

కంప్యూటర్ సైన్స్ మాత్రం ఆ గోడల బయటే పెరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1958లో గిండీ కాలేజీలో పూర్తిచేసింది సివిల్ ఇంజినీరింగ్. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశారు. మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడంపై ఏళ్ల తరబడి పనిచేశారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ధ్వని, భాష తెలియకుండా ఆ పని జరగదు.

మైనర్‌కు ఇప్పుడున్న రూపం 2018 నాటిది. ఆ ఏడాది సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా సిలబస్‌లో బీటెక్‌ను 160 క్రెడిట్లకు (కోర్సుల బరువును కొలిచే లెక్క) తగ్గించి, అదనంగా 20 చేస్తే ఆనర్స్ (సొంత బ్రాంచిలోనే అదనపు చదువు) గానీ మైనర్ గానీ ఇవ్వవచ్చంది. తర్వాత ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ లాంటి కొత్త రంగాలను మైనర్లుగా ముందుకు తెచ్చింది. ఇక్కడే అసలు చిక్కు. అవి ప్రధానంగా మెకానికల్, సివిల్ పిల్లలు కంప్యూటర్ల వైపు రావడానికి వేసిన దారులు. సీఎస్ఈ పిల్లలు బయటికి వెళ్లే దారి గురించి ఎవరూ అంతగా ఆలోచించలేదు. అందుకే చాలామంది ఎలెక్టివ్‌లలో (తమకు నచ్చినవి ఎంచుకునే కోర్సుల్లో) ఎలాగూ దొరికే ఏఐనే మళ్లీ ఎంచుకుంటున్నారు. ఆ శ్రమ ఎలక్ట్రానిక్స్ మీదో, ఎకనామిక్స్ మీదో, బయాలజీ మీదో పెడితే చదువు నిజంగా విస్తరిస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంకో తేడా కూడా గమనించాలి. 2022 చివర్లో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 160 క్రెడిట్లుంటే, మైనర్‌కు కేటాయించిన 32 అందులోనివే. బీటెక్‌లో అలా కాదు, మైనర్ అదనపు భారం. అన్నా యూనివర్సిటీ 2021 నిబంధనల్లో అది 18 క్రెడిట్లు. మూడేసి క్రెడిట్ల చొప్పున ఆరు కోర్సులు. చివరి రెండేళ్లలో మొదలుపెడితే అవి సరిగ్గా ప్లేస్‌మెంట్ల సీజన్ మీద పడతాయి. కాబట్టి ఏ మైనరో రెండో ఏడాదిలోపే తేల్చుకోవాలి. దానికి ముందు చదవాల్సిన కోర్సులుంటే ఓపెన్ ఎలెక్టివ్‌లలో, అంటే వేరే బ్రాంచిల నుంచి ఎంచుకునే కోర్సుల్లో, పూర్తిచేయాలి.

కాలేజీని ముందే అడగాల్సినవి మూడు: క్లాసు జరుగుతుందా లేక ఆన్‌లైన్ కోర్సేనా, తక్కువమంది చేరితే రద్దు చేస్తారా, మైనర్ పేరు డిగ్రీ పట్టా మీద వస్తుందా లేక మార్కుల జాబితాలోనేనా.